టాంజానియా నుంచి ఇంటికి ఫోన్ చేసేటప్పుడు
వాలంటీరుగా టాంజానియా వెళ్తున్నారా? ఇంటికి ఫోన్ చేసే టైమ్ ముందే అనుకోండి. అక్కడి గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం 6కి చేస్తే ఇంటి దగ్గర 8:30, భోంచేసి తీరిగ్గా ఉంటారు. పని ముగించుకుని 9కి చేద్దామంటే ఇంట్లో 11:30. ఆ వేళ ఫోన్ మోగితే ఏమైందోనని టెన్షనే!

నెట్ సరిగ్గా లేని చోట వీడియో కాల్‌తో కుస్తీ పట్టకుండా వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టండి. "బాగున్నాను" అని వదిలేయకుండా, "నాన్నా, నా చిన్నప్పుడు నువ్వు పంక్చర్ వేయడం నేర్పావు కదా, ఇవాళ ఇక్కడి పిల్లల సైకిల్‌కి అదే పనికొచ్చింది" అని చెప్పండి. ఉత్త థాంక్స్ అంటే మన నాన్నలు మాట మార్చేస్తారు. అక్కడివాళ్లు పలకరింపులోనే ఇంట్లోవాళ్ల క్షేమం అడుగుతారు, ఫోన్లో ఒక ఫ్యామిలీ ఫొటో కూడా ఉంచుకోండి.