బైకు ఎత్తు తగ్గించుకోవాలంటే: ఏ పనికి ఆర్టీఏ గడప తొక్కాలి, దరఖాస్తు ఎలా చేయాలి

నా ఎత్తు 5 అడుగుల 1 అంగుళం. ఇంట్లో ఉన్న బైకు రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, దాని సీటు ఎత్తు 805 మిల్లీమీటర్లు. హైదరాబాద్ పంజాగుట్ట సిగ్నల్లో బండి ఆపితే ఎడమ కాలి మునివేళ్లే రోడ్డుకు ఆనేవి. రోడ్డు కాస్త అటువైపు వాలిందంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకోవడమే. బండి ఎత్తు దించుకుందామని బయల్దేరితే ఎదురైన మొదటి ప్రశ్న, దీనికి ఆర్టీఏ అనుమతి కావాలా అని. మెకానిక్‌లు ‘ఏం అక్కర్లేదమ్మా’ అంటారు. అది సగమే నిజం.

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్‌సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. వాహనం నిర్మాణంలో మార్పు చేసి, దాని మౌలిక స్వరూపమే మారితే దాన్ని చట్టం ‘ఆల్టరేషన్’ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు.

ఇప్పుడు మన పని ఇందులో ఎక్కడికొస్తుందో చూద్దాం. సీటు ఎత్తు అనే గడి ఆర్‌సీలో లేనే లేదు. కాబట్టి సీటు ఫోము కోయించుకోవడం, కంపెనీ ఇచ్చే తక్కువ ఎత్తు సీటు వేయించుకోవడం, వెనక షాకబ్జర్ స్ప్రింగును కంపెనీ ఇచ్చిన మెట్లలోనే వదులు చేసుకోవడం, వీటికి దరఖాస్తు అక్కర్లేదు. నిజానికి చాలామందికి ఇంతతోనే పని అయిపోతుంది. పుత్లీబౌలి దుకాణాల్లో ఫోము కోయించేటప్పుడు మందం ఒక్కటే చూడకండి. సీటు ముందు భాగం రెండు పక్కలా సన్నం చేయమనండి. తొడలు దగ్గరికొస్తే కాలు తిన్నగా కిందికి దిగుతుంది, అంగుళం కోసినదానికంటే ఎక్కువ లాభం.

చిక్కంతా ఆ తర్వాతి మెట్టులో ఉంది. మోనోషాక్, అంటే వెనక ఒకటే షాకబ్జర్ ఉన్న బండ్లలో, దాని కింద ఉండే లింకు తీసేసి పొడవైనది వేయడం, ముందు ఫోర్కు గొట్టాలను పైకి జరిపి బిగించడం. కంపెనీ పరీక్ష చేయించి ఆమోదం తెచ్చుకున్న కొలతలు వీటితో మారిపోతాయి. వీటిని చేయించాక అడగడం కాదు, ముందే అడగండి. ఇక ఛాసిస్ కోసి వెల్డింగ్ చేయించే మాట అసలే వద్దు. ఏ ఆఫీసూ దాన్ని ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా.

దరఖాస్తు ఇలా

మీ చిరునామా ఏ ఆర్టీఏ కిందికి వస్తే అక్కడికే వెళ్లాలి. ఖైరతాబాద్, సికింద్రాబాద్, మలక్‌పేట, టోలిచౌకి, బండ్లగూడ, ఇలా ప్రాంతాన్ని బట్టి ఉంటుంది. నంబరు టీఎస్‌దైనా, 2024 మార్చి తర్వాత వచ్చిన టీజీదైనా పద్ధతి ఒకటే. ముందు తెల్ల కాగితం మీద ఒక అర్జీ రాసుకుని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరును కలవండి. ఏ భాగం మారుస్తున్నారు, ఎన్ని మిల్లీమీటర్లు దిగుతుంది, ఆ భాగం ఎవరు తయారు చేశారు అన్నవి అందులో ఉండాలి. ‘బండి కిందికి దించాలి’ అని ఒక్క ముక్క రాసి తీసుకెళ్తే పని ముందుకు సాగదు. నా మొదటి అర్జీ గతి అదే.

సరేనన్నాక రవాణా శాఖ వెబ్‌సైట్‌లో వాహన ఆల్టరేషన్ సేవ ఎంచుకుని స్లాట్ తీసుకోవాలి. ఫీజు అక్కడే కనిపిస్తుంది. ఆర్‌సీ, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్, ఆధార్, బిగించిన భాగం బిల్లు దగ్గర పెట్టుకోండి. బండి మీద అప్పుంటే ఫైనాన్స్ వాళ్ల నుంచి రాతపూర్వక అంగీకారం కూడా తీసుకోండి. ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దిన అచ్చు ఇంట్లోనే తీసుకుని వెళ్తే అక్కడ మోకాళ్ల మీద కూర్చునే బాధ తప్పుతుంది. ఒకవేళ అనుమతి లేకుండా ఇప్పటికే మార్చేసి ఉంటే, 14 రోజుల్లోపు ఆర్‌సీతో సహా తెలియజేయాలని చట్టం అంటోంది. అలా తెలియజేస్తే ఒప్పుకుంటారన్న భరోసా మాత్రం లేదు.

తనిఖీకి ముందు మీరే ఒకసారి చూసుకోండి. వెనక ఒక్కటే దించితే హెడ్‌లైటు ఆకాశం చూస్తుంది, హ్యాండిల్ బరువెక్కుతుంది. ఇద్దరు కూర్చుని స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకోకూడదు. చైను లూజు మళ్లీ సరిచేయించాలి. అన్నిటికంటే ముఖ్యం సైడ్ స్టాండు. బండి దిగింది కానీ స్టాండు పొడవు మారలేదు, కాబట్టి బండి వాలకుండా నిటారుగా నిలబడుతుంది. మా అపార్ట్‌మెంట్ పార్కింగులో పక్కవాళ్ల స్కూటీ హ్యాండిల్ తగిలి నా బండి కుడివైపుకు పడిపోయింది. బండి ఎత్తు దించిన షాపువాళ్లు స్టాండు సంగతే ఎత్తలేదు. పొట్టి స్టాండు కూడా అదే రోజు వేయించండి.

ఎత్తు 147 సెంటీమీటర్లు, అంటే 4 అడుగుల 10 అంగుళాలు, లేదా అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకు దారి వేరు. వైద్యపరమైన లేదా జన్యుపరమైన కారణంతో అలా ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం దాన్ని మరుగుజ్జుతనం కింద లెక్కిస్తుంది. ధ్రువపత్రం చేతిలో ఉంటే, బండిని వాళ్లకు అనువుగా మార్చుకునే వీలు మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. సుమారు 3 అడుగుల ఎత్తున్న గట్టిపల్లి శివలాల్ పెడళ్లు మార్పించిన కారుతో మన హైదరాబాద్‌లోనే డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకున్నారు. కౌంటర్‌లో ఎవరైనా ‘కుదరదు’ అంటే ఆ మాట గుర్తు చేయండి.

ఆర్‌సీలో మార్పు నమోదయ్యాక ఒక ప్రతి బీమా కంపెనీకి పంపి రసీదు ఉంచుకోండి. చెప్పకుండా ఊరుకుంటే క్లెయిము రోజున వాళ్లకు అదొక సాకు. విప్పిన పాత భాగాలు, పాత స్టాండు పారేయకండి. రేపు బండి కొనడానికి ఆరడుగుల మనిషి రావచ్చు.