పాత బెంజి ఈ-క్లాస్ కొన్నారా? తిరుపతిలో ఉండి దాన్ని దారికి తెచ్చుకోవడం ఎలా?

కొత్త ఆల్టో ధరకే బెంజి వస్తుందంటే పాతికేళ్ల పిలకాయలకు మనసు ఆగుతుందా? ఢిల్లీ చుట్టుపక్కల 10 ఏళ్లు దాటిన డీజిల్ బండ్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడి ఈ-క్లాస్‌లు చాలా చవగ్గా బయటికొస్తున్నాయి. ధర తగ్గింది బండికే, దాని సామాన్ల ధర మాత్రం అలాగే ఉంది. అందుకే బండికి పెట్టినంత డబ్బు ఇంకోసారి చేతిలో ఉంటేనే దిగండి. ఆ డబ్బును ఏ వరసలో ఖర్చు పెట్టాలో ఇక్కడ చెప్తాను. చాలామంది పెయింటుతో మొదలుపెడతారు. నా లెక్కలో పెయింటు అన్నిటికన్నా ఆఖరిది.

డబ్ల్యూ211 తరం (ఆ తరం ఈ-క్లాస్‌కు కంపెనీ కోడ్) ఈ 280 సీడీఐని ఉదాహరణగా తీసుకుందాం. 2,987 సీసీ, వీ6 డీజిల్, అంటే ఆరు సిలిండర్లు వీ ఆకారంలో రెండు వరసలుగా ఉంటాయి.

ముందు సంవత్సరం, తర్వాత కాగితాలు

2006 మధ్యలో ఈ మోడల్‌ను కంపెనీ మార్చింది. అంతకుముందు బండ్లలో ఎస్‌బీసీ అనే ఎలక్ట్రానిక్ బ్రేకు ఉండేది. బ్రేకు ఎన్నిసార్లు తొక్కామో దాని పంపు లెక్కపెట్టుకుంటుంది, ఆ లెక్క నిండగానే డ్యాష్‌బోర్డులో ఎర్ర అక్షరాలతో మార్చమంటుంది. ఆ పంపు ఖరీదు చూస్తే కళ్లు తిరుగుతాయి. మార్పు తర్వాత మామూలు హైడ్రాలిక్ బ్రేకులు వచ్చాయి. కాబట్టి ఎంత మెరిసే బండైనా 2006 మధ్యలో వచ్చిన ఆ మార్పుకు ముందుదైతే వదిలేయండి.

ఆర్‌సీ మీద తేదీ చూడండి. సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చేయించి రెన్యువల్ చేయించుకోవాలి. 2007 బండికి 2022లోనే ఆ రెన్యువల్ అయిపోయి ఉండాలి. కాకపోతే అమ్మేవాడి చేతే చేయించండి. వేరే రాష్ట్రం బండైతే ఫారం 28 మీద ఎన్‌ఓసీ, యాజమాన్యం మార్చడానికి ఫారం 29, 30 కావాలి. ఇక్కడ లైఫ్ ట్యాక్స్ ఎంతవుతుందో ఆర్‌టీవో ఆఫీసులో కనుక్కున్నాకే బేరం ముగించండి.

విప్పకముందు స్కాన్ చేయించండి

బండి ఇంటికి రాగానే బెంజి సిస్టమ్ చదవగల స్కానర్ ఉన్న షెడ్డుకు తీసుకెళ్లండి. ఐదొందల రూపాయల ఓబీడీ పరికరం (బండి కంప్యూటరుకు తగిలించేది) ఇంజిన్ లోపాల కోడ్లు మాత్రం చూపిస్తుంది. గేర్‌బాక్సు, ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్, సీట్ల మాడ్యూళ్లు దానికి అందవు. వచ్చిన కోడ్లన్నీ ఫోటో తీసి పెట్టుకుని, చెరిపి, ఓ వారం నడిపి, మళ్లీ స్కాన్ చేయించండి. తిరిగొచ్చినవే అసలు జబ్బులు. మొదటి లిస్టు పట్టుకుని సామాన్లు ఆర్డరు పెడితే సగం డబ్బు బూడిదలో పోసినట్టే. ఈ బండ్లలో బ్యాటరీ కాస్త నీరసించినా చాలు, సంబంధం లేని కోడ్లు పది పుడతాయి.

అందుకే బ్యాటరీని ముందు చూడండి. ఈ కారులో అది బూట్‌లో ఉంటుంది. అమరాన్ తయారయ్యేది మన కరకంబాడిలోనే, కాబట్టి బ్యాటరీ కోసం ఊరు దాటక్కర్లేదు. బూట్ కార్పెట్ ఎత్తి చెయ్యిపెట్టి తడి ఉందేమో చూడండి. వెనక లైట్ల రబ్బర్లు ఎండిపోతే వాన నీళ్లు లోపలికి దిగి, పక్కనే ఉన్న ఫ్యూజుల పెట్టెకు చిలుము పట్టిస్తాయి.

ఆయిల్ కారుతుందా? అసలు చోటు ఇది

ఈ ఇంజిన్ పేరు ఓఎం642. "ఆయిల్ కొంచెం కారడం మామూలే సామీ, జర్మన్ బండ్లన్నీ అంతే" అంటారు షెడ్డులో. నమ్మకండి. రెండు సిలిండర్ వరసల మధ్య లోయలాంటి జాగాలో ఆయిల్ కూలర్ ఉంటుంది. దాని కింది రబ్బరు సీళ్లు ఇంజిన్ వేడికి గట్టిపడి చిట్లుతాయి. ఆ ఆయిల్ లోయలో నిండి, వెనకవైపు రంధ్రంలోంచి గేర్‌బాక్సు కలిసేచోటికి కారుతుంది. కింద పడుకుని చూసిన మెకానిక్‌కు అది వెనక క్రాంక్ సీలు పోయినట్టే కనిపిస్తుంది. గేర్‌బాక్సు దించి, ఆ సీలు మార్చి, బిల్లు రాసిచ్చాక కూడా ఆయిల్ కారుతూనే ఉంటుంది. టర్బో కింది లోయలోకి టార్చి వేసి, అద్దంతో చూస్తే అక్కడ తడి కనిపిస్తుంది.

సీళ్ల ఖరీదు తక్కువే, కూలి ఎక్కువ. టర్బో, ఇన్‌టేక్ మానిఫోల్డులు అన్నీ విప్పితే గానీ కూలర్ చెయ్యికి తగలదు. పాత సీళ్లు నారింజ రంగులో ఉంటాయి. తర్వాత వచ్చిన ఊదారంగు వైటన్ సీళ్లు వేడికి ఆగుతాయి, అవే తెప్పించండి. విప్పేటప్పుడు ఒక్కో చోటి బోల్టులను ఒక్కో కవరులో వేసి పేరు రాయించండి. తలమీద నక్షత్రంలా ఉండే ఆ బోల్టులకు ఈ-టార్క్స్ సాకెట్లు కావాలి. మామూలు పానా పెడితే తల అరిగిపోతుంది. మానిఫోల్డు తీసిన మరుక్షణం ఇంజిన్ రంధ్రాలకు శుభ్రమైన గుడ్డ కుక్కండి. అందులో ఒక్క నట్టు పడిందా, ఇంజిన్ సంగతి ఇక వెంకన్నకే ఎరుక.

పనిలో పనిగా టర్బో గొట్టం దగ్గరి నారింజ సీలు మార్చండి. దాన్నుంచి కారే ఆయిల్ సరిగ్గా కిందున్న స్వర్ల్ ఫ్లాప్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని తిప్పే రేకులు) మోటారు మీద పడి దాన్ని చంపుతుంది. ఇంజిన్ వేడిని బట్టి కూలెంటుకు దారి తెరిచి మూసే థర్మోస్టాట్ కూడా ఇప్పుడే మార్చేయండి. కూలెంటులో మాత్రం బోరు నీళ్లు పోయనివ్వొద్దు. డిస్టిల్డ్ వాటరు, కంపెనీ కూలెంటు సగం సగం.

గేర్లు, బ్రేకులు, కింది రబ్బర్లు

గేర్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదన్న మాట పట్టించుకోకండి. ఫిల్టరుతో సహా మార్చండి. ఐదు గేర్ల బాక్సు అయితే ఆయిల్ కొలిచే గొట్టం ఉంటుంది, లోపల పుల్ల ఉండదు. ఆయిల్ 80 డిగ్రీలకు వేడెక్కాక ప్రత్యేకమైన పుల్లతో కొలవాలి. "అందాజుగా పోద్దాం అన్నా" అనే షెడ్డు నుంచి బండి వెనక్కి తిప్పుకోండి.

బ్రేకు ఆయిల్ రెండేళ్లు దాటితే మార్చడమే. ముందు చక్రాల బాల్ జాయింట్లు, బుష్‌లు మన రోడ్లకు పోయి ఉంటాయి, జతగానే మార్చండి.

సామాన్ల కోసం చెన్నై పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు ఉన్నాయి. పాత సామాను ఎక్కడ కొనొచ్చు? డోరు ప్యానెల్, సీటు స్విచ్చి, లైటు, అద్దం వరకు పర్వాలేదు. బ్రేకు, సస్పెన్షన్, సీళ్లు మాత్రం కొత్తవే కావాలి. ఫోన్లో "ఈ-క్లాస్ ముందు బుష్" అని అడిగితే ఏదో ఒకటి పంపిస్తారు. ఛాసిస్ నంబరుతో పార్ట్ నంబరు పట్టుకుని అడగండి. బెంజి బొమ్మ ఉన్న డబ్బాయే అక్కర్లేదు, కంపెనీకే సరఫరా చేసే బాష్, లెంఫోర్డర్, మాన్ లాంటి పేర్లు చాలు.

కొండెక్కించి చూడండి

ఇదంతా అయ్యాక తిరుమల ఘాట్ కన్నా మంచి పరీక్ష ఏదీ లేదు. ఎక్కేటప్పుడు 1974లో తెరిచిన రెండో ఘాట్‌లో ఏసీ వేసుకుని వెళ్లండి. టెంపరేచర్ ముల్లు 90 దగ్గర కదలకుండా ఉండాలి. 70 దాటకపోతే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయినట్టు. దిగేది 1944 నాటి మొదటి ఘాట్‌లో. గేర్ లివర్‌ను ఎడమకు కొట్టి రెండు, మూడు గేర్లలోనే ఉంచండి. బ్రేకు మీద కాలు పెట్టుకునే దిగితే డిస్కులు కాలిన వాసన వస్తుంది. స్టీరింగ్ వణికితే డిస్కులు వంగినట్టు. ఇంటికొచ్చి బండి కింద అట్టముక్క పరిచి, పొద్దున్నే చూడండి. మచ్చ పడితే మళ్లీ ఆ లోయలోకే టార్చి వేయాలి.

మచ్చ లేకపోతే ఇప్పుడు టింకరింగ్, పెయింటు. బానెట్ ఎత్తితే ముందు పట్టీ మీది ప్లేటులో రంగు కోడ్ ఉంటుంది, దాంతోనే కలిపించండి. రంగు మార్చాలని మోజు ఉంటే ముందు ఆర్‌టీవో దగ్గర ఆర్‌సీలో ఎక్కించే పని చూసుకోండి. పెయింటు వేసిన నెలదాకా వ్యాక్స్ పూయొద్దు.