ముగ్గురు ఏజెంట్లకు ఇల్లు చెప్పే ముందు

మా ఫ్లాట్ అమ్మకానికి పెట్టినప్పుడు రెండో ఏజెంటు ఒక సాయంత్రం భార్యాభర్తల్ని తీసుకొచ్చాడు. ఖాళీ ఇల్లు, లోపల చీకటి. నేను తాళం తీసి పక్కకు జరిగానో లేదో, ఆవిడ తలుపు చాటుకు చెయ్యి పోనిచ్చి స్విచ్చి వేసేసింది. ఆ స్విచ్చి కొత్తవాళ్లకు దొరకదు, తలుపు తీస్తే దాని వెనక్కి పోతుంది. ఇదివరకు వచ్చారా అని అడిగితే ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. వారం కిందట మొదటి ఏజెంటు తన దగ్గరున్న తాళంచెవితో తెచ్చి చూపించాడట. ఆ సంగతి నాకు చెప్పలేదు. ఈయన కమిషన్ తక్కువ తీసుకుంటాడని విని మళ్లీ ఈయన వెంట వచ్చారు.

చివరికి కొన్నది వాళ్లే. కమిషన్ కోసం మాత్రం ఇద్దరు ఏజెంట్లూ వచ్చి కూర్చున్నారు. పంచుకోండయ్యా అంటే వినలేదు. ఒకరికి పూర్తిగా, ఇంకొకరికి సగం ఇచ్చి వదిలించుకున్నాను. ఆ పార్టీని ముందు ఎవరు తెచ్చారో, అప్పుడు ఎవరికి ఏమివ్వాలో రాసుకున్న కాగితం ముక్క ఉంటే ఆ సగం నాకు మిగిలేది.

అందుకే, ఇద్దరు ముగ్గురికి చెప్పడం తప్పని నేననను. నోటిమాట మీద చెప్పడం తప్పంటాను.

అన్నిటికన్నా ముందు, ఇదివరకే ఎవరికైనా సంతకం పెట్టి ఇచ్చారేమో చూసుకోండి. ఏజెంట్ల ఒప్పందాలు పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ లోపల తేడాలుంటాయి. సోల్ ఏజెన్సీ అంటే గడువు ముగిసేదాకా ఇంకో ఏజెంటుకు ఇవ్వకూడదు, మీ అంతట మీరు పార్టీని వెతుక్కుంటే మాత్రం మామూలుగా కమిషన్ ఉండదు. సోల్ సెల్లింగ్ రైట్స్ అని రాసుంటే సొంత తమ్ముడికి అమ్మినా కమిషన్ కట్టాల్సిందే. ఎవరు అమ్మితే వాళ్లకే ఇచ్చేది మూడో రకం. పది మందికి చెప్పుకునే వీలున్నది దీంట్లోనే, కాకపోతే దీనికి కమిషన్ శాతం కాస్త ఎక్కువ అడుగుతుంటారు. మొదటి రెండింటిలో దేంట్లో ఉన్నా, గడువు అయ్యాక లేదా రాతపూర్వకంగా నోటీసు ఇచ్చి బయటికొచ్చాకే రెండో ఏజెంటును పిలవండి. వెళ్లిపోయే ఏజెంటు దగ్గర ఇప్పటిదాకా చూపించిన పార్టీల జాబితా తీసుకోవడం మరిచిపోవద్దు. ఒప్పందం ముగిసిన కొన్ని నెలల లోపు వాళ్లలో ఎవరు కొన్నా పాత ఏజెంటుకే కమిషన్ అనే షరతు చాలా అగ్రిమెంట్లలో చివరి పేజీలో ఉంటుంది.

ఇంకో మాట. కమిషన్ ఎప్పుడు ఇవ్వాలో చదవండి. కొనడానికి సిద్ధంగా ఉన్న పార్టీని చూపిస్తే చాలు, అమ్మకం జరగకపోయినా కమిషన్ వచ్చినట్టే అనే వాక్యం ఉంటే కొట్టేయించండి. ముగ్గురు ఏజెంట్లున్నప్పుడు ఆ వాక్యం మూడు కాగితాల్లోనూ ఉంటే ముగ్గురూ ముగ్గురు పార్టీలను చూపించి మిమ్మల్ని అడగొచ్చు. రిజిస్ట్రేషన్ పూర్తయ్యాక, ఒక్క కమిషనే, ఫలానా నియమం ప్రకారం ఒక్కరికే అని అందరి కాగితాల్లోనూ ఒకేమాట ఉండాలి.

ఆ నియమం ఏమిటన్నది మీరే తేల్చాలి. మొదట చూపించినవాడికా, బేరం కుదిర్చినవాడికా? తగాదా ముదిరితే సాధారణంగా చూసేది, అమ్మకం నిజంగా ఎవరి వల్ల జరిగిందని. అది వాదిస్తే తెగేది కాదు. నా లెక్కలో మొదట చూపించినవాడికి అని పెట్టుకోవడమే తేలిక, ఎందుకంటే దానికి తేదీ ఉంటుంది. ఒక నోటుబుక్కు పెట్టుకోండి: తేదీ, టైము, పార్టీ పేరు, ఫోన్ నంబరు, ఎవరు తెచ్చారు. చూపించిన రోజే ఏజెంటు చేత మెసేజ్ పెట్టించుకోండి. కొందరు ముందే నలభై పేర్లు రాసిచ్చి వీళ్లంతా నా పార్టీలే అంటారు. ఇంట్లో అడుగు పెట్టనివాళ్లు లెక్కలోకి రారని అప్పుడే చెప్పేయాలి. ఏజెంటు కింద ఏజెంటు, వాడి కింద ఇంకొకడు ఉంటారు, వాళ్ల పంపకాలు వాళ్లవి. ఎవరు గేటు దగ్గరికొచ్చినా మీ మొదటి ప్రశ్న ఒకటే: ఈ ఇల్లు మీకు ఎవరు చెప్పారు?

ఇక నెట్ రేటు. ఓనర్లు తెలివనుకుని చేసే పొరపాటు ఇది. 'నాకు ఇంత చేతికొస్తే చాలు, పైన ఎంతకు అమ్ముకుంటావో నీ ఇష్టం' అని ఒక్క ఏజెంటుకు చెప్పినా ప్రమాదమే, ముగ్గురికి చెబితే మూడు ధరలు ఊళ్లో తిరుగుతాయి. ఒకడు 100 అంటాడు, ఒకడు 108, ఇంకొకడు 115. కొనేవాళ్లు ఫోన్‌లో మూడు ప్రకటనలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. వాళ్ల బేరం 100 దగ్గర మొదలై కిందికి దిగుతుంది. విస్తీర్ణం కూడా ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా పడితే ఇంట్లో ఏదో లొసుగు ఉందనుకుంటారు. ధర, కొలతలు, ఫొటోలు మీరే ఒక కాగితం మీద తయారుచేసి అందరికీ అదే ఇవ్వండి. ధర తగ్గించాలనుకుంటే ఒకే రోజు అందరికీ చెప్పండి.

పోటీ ఉంటే మంచి ధర వస్తుందని కూడా అంటారు. పోటీ ఏజెంట్ల మధ్య, కొనేవాళ్ల మధ్య కాదు. లెక్క చూడండి. కమిషన్ 2 శాతం అనుకుందాం. ధర 100 నుంచి 95కి దిగితే మీకు దాదాపు 5 పోతుంది, ఏజెంటుకు పోయేది 0.1. పక్కవాడు ముందే కుదిర్చేస్తే మొత్తం 2 పోతుంది. కాబట్టి 'సార్, ఈ పార్టీ పోతే మళ్లీ దొరకదు' అనే ఫోన్లు మూడు వైపుల నుంచీ వస్తాయి. ఆ ఫోన్లకు అప్పటికప్పుడు సరే అనకండి, రేపు చెబుతానండి అనండి. ఆఫర్ ఏదైనా రాసి పంపమనండి.

అడ్వాన్సు విషయంలో మొహమాటం వద్దు. టోకెన్ తీసుకునే అధికారం ఏ ఏజెంటుకూ లేదని రాతలో పెట్టండి, డబ్బు నేరుగా మీ ఖాతాలోకే రావాలి. పొద్దున ఒకరు, మధ్యాహ్నం ఇంకొకరు వేర్వేరు పార్టీల దగ్గర టోకెన్ తీసుకుంటే, ఇల్లు ఒక్కటే కాబట్టి సమాధానం చెప్పుకోవాల్సింది మీరే. మీరు అడ్వాన్సు అందుకున్న నిమిషంలో మిగతా ఏజెంట్లకు మెసేజ్ వెళ్లాలి.

తాళంచెవి విషయంలో నేను నష్టపోయాను కాబట్టి ఒక్కమాట: ఎవరికీ ఇవ్వకండి. దూరంలో ఉండి ఇవ్వక తప్పకపోతే ఒక్క చెవే, సంతకం పెట్టించుకుని. డాక్యుమెంట్ల జిరాక్సు మీద అడ్డంగా ఏజెంటు పేరు, తేదీ, 'చూపించడానికి మాత్రమే' అని రాసి ఇవ్వండి. ఒరిజినల్స్, ఖాళీ కాగితం మీద సంతకం, పవర్ ఆఫ్ అటార్నీ అనే మాటలు వస్తే లేచి వచ్చేయడమే.

కొన్నవాళ్లతో రాసుకునే అగ్రిమెంటులో, తాము ఫలానా ఏజెంటు ద్వారానే వచ్చామని, వేరేవాళ్ల కమిషన్ దావా వస్తే తమదే బాధ్యతని ఒక వాక్యం వేయించండి. అబద్ధం చెప్పే ఉద్దేశం ఉంటే అక్కడ పెన్ను ఆగుతుంది. కమిషన్ ఇచ్చాక రసీదు, మిగతావాళ్ల దగ్గర మాకేమీ రావలసింది లేదని ఒక మెసేజ్ తీసుకోండి, ప్రకటనలు దింపేయించండి. మా మూడో ఏజెంటు దింపలేదు. ఇల్లు కొన్నావిడ రెండు నెలల తర్వాత నాకు ఫోన్ చేసింది: ఆదివారం పొద్దున్నే ఎవరో కుటుంబమంతా వచ్చి, ఇల్లు చూపిస్తారా అని తలుపు కొట్టారట.