డయాలిసిస్ గది పాఠాలు – 5: బెడ్ దిగాక ఏమైంది?

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? ఫిస్టులా (డయాలిసిస్ సూదులు పెట్టడానికి ఆపరేషన్ చేసి సిద్ధం చేసిన రక్తనాళం) ఉన్న చెయ్యి పట్టుకుని చూసే ముందు "ఈ చేతి సంగతి ఏమైనా చెబుతారా" అని పేషెంటును అడగమన్నాను. "మొన్న పొడిచిన చోటే మళ్ళీ పొడవకండి, ఇంకా నొప్పిగా ఉంది" అనే జవాబు వచ్చిందంటే మీరు నాలుగో పాఠం పాసైనట్టే. ఏ జవాబూ రానివాళ్ళు నొచ్చుకోవద్దు. ఈ పాఠం మీకే ఎక్కువ పనికొస్తుంది.

ఈసారి నేర్చుకునేది ఒక్క ప్రశ్న. ఎప్పుడు అడగాలి, జవాబు ఎలా రాసుకోవాలి, రాసుకున్నదానితో ఏం చేయాలి, అంతే.

ముందు నా తప్పు చెప్పి మొదలుపెడతాను. నేను పని నేర్చుకున్న యూనిట్ పర్లాకిమిడి వైపుది. పటంలో ఒడిశా, గజపతి జిల్లా. గదిలో వినపడేది మాత్రం సగానికి సగం శ్రీకాకుళం యాసే. రెండో షిఫ్టులో ఒక మామ్మ వచ్చేది, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరంతా తీసేశాక ఉండాల్సిన బరువు) 46 కిలోలు. సెషన్ అయ్యాక "బాగుందా మామ్మా?" అనేవాణ్ణి. "బాగుంది బాబూ" అనేది. బీపీ కూడా బాగానే ఉండేది. "సెషన్ సాఫీ, కంప్లయింట్స్ లేవు" అని చార్టులో రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఇలా కొన్ని నెలలు.

ఒక సాయంత్రం డ్యూటీ దిగి టీ తాగుదామని బస్టాండుకి వెళ్తే, అక్కడ సిమెంటు బల్ల మీద ముడుచుకుని పడుకుని ఉంది. తల మనవడి ఒళ్ళో ఉంది, మొహం మీద కొంగు కప్పుకుంది. బెడ్ దిగి అప్పటికి గంటన్నర. ఎక్కాల్సిన బస్సులు రెండు వెళ్ళిపోయాయి.

"ప్రతిసారీ ఇంతే బాబూ. ఎంటనే బస్సెక్కితే వాంతొచ్చేస్తాది. ఇంటికెళ్ళి ఒరిగితే మర్నాడు మజ్జానానికి గాని నేవను."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు బాగుందా అన్నావు. మంచం దిగినప్పుడు బాగానే ఉంటాది కదా!"

నేను చార్టులో రాసింది అబద్ధమేమీ కాదు. కానీ నా రాత బెడ్ దగ్గరే ఆగిపోయింది. వారానికి 168 గంటలు. మూడుసార్లు వచ్చే పేషెంటు మన దగ్గర ఉండేది 12 గంటలు, మిగతా 156 గంటలూ ఇంట్లో, బస్సులో, పొలం గట్టు మీద గడుస్తాయి. ఆ గంటల సంగతి మానిటర్ చెప్పదు. పేషెంటే చెప్పాలి.

ఇక ప్రశ్న: "డయాలిసిస్ అయ్యాక మళ్ళీ మామూలు మనిషి కావడానికి మీకు ఎంతసేపు పడుతోంది?"

ఇది నేను కనిపెట్టింది కాదు. ఈ ఒక్క ప్రశ్నతోనే పేషెంటు పరిస్థితిని కొలవవచ్చని 2006లో కెనడా పరిశోధకులు చూపించారు. 2014లో 12 దేశాల్లో 6,000 మందికి పైగా పేషెంట్ల జవాబులు పరిశీలిస్తే, కోలుకోవడానికి ఎక్కువ గంటలు పట్టేవాళ్ళలో ఆసుపత్రిలో చేరడం, చనిపోవడం ఎక్కువగా కనబడ్డాయి. ఇంకో సంగతి. హిమోడయాలిసిస్ మీద ఏ పరిశోధన చేసినా తప్పకుండా కొలవాల్సినవి ఏవో తేల్చడానికి చాలా దేశాల పేషెంట్లు, వాళ్ళ ఇంటివాళ్ళు, డాక్టర్లు కలిసి కసరత్తు చేశారు. చివరికి నాలుగు మిగిలాయి: మరణం, గుండె జబ్బు, ఫిస్టులా లాంటి రక్తమార్గం, నీరసం. మొదటి మూడూ మన చార్టుల్లో ఎప్పటినుంచో ఉన్నవే. నీరసం ఆ వరసలోకి చేరిందంటే పేషెంట్లు పట్టుబట్టడం వల్లే. అందుకే దీన్ని పలకరింపులా అడిగి వదిలేయకుండా, బీపీ రాసినట్టు అంకె వేసి రాయమంటున్నాను.

ఎప్పుడు అడగాలి? సెషన్ చివర్లో అడిగితే నాకు పడ్డ గతే మీకూ పడుతుంది. తర్వాతి సెషన్‌కి వచ్చినప్పుడు, బరువు చూశాక, సూదులు పెట్టకముందు అడగండి. సూది పట్టుకుని నిలబడ్డవాడితో ఎవరూ గొడవ పెట్టుకోరు, అన్నిటికీ బాగుందనే అంటారు.

"ఎన్ని గంటలు" అని అడిగితే మా వైపు పెద్దవాళ్ళ దగ్గర జవాబు రాదు. పనిపాటల్లో పెట్టి అడగండి. మొన్న ఇంటికెళ్ళాక రాత్రి అన్నం ఎవరు వండారు? పశువులకి గడ్డి ఎవరు వేశారు? మర్నాడు ఎన్నింటికి వీధిలోకొచ్చి కూర్చున్నారు? ఆ జవాబులను గంటల్లోకి మార్చుకోవడం మీ పని. మామ్మ బెడ్ దిగేది సాయంత్రం నాలుగింటికి. మర్నాడు మధ్యాహ్నానికి లేస్తుందంటే 20 గంటలు. ఇంటి నుంచి తోడు వచ్చినవాళ్ళను కూడా విడిగా అడగండి. "రెండు గంటల్లో లేచి తిరుగుతాను" అని ఒక మావయ్య ఎప్పుడూ గట్టిగా చెప్పేవాడు. ఆయన భార్య వెనక నిలబడి తల అడ్డంగా ఊపేది.

"నీరసం" అన్న ఒక్క మాటతో ఆగిపోకండి. అదొక మూట, విప్పించాలి. లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయా? పిక్కలు పట్టేస్తున్నాయా? తలనొప్పా, వాంతా? రాత్రి నిద్ర పట్టడం లేదా? కళ్ళు తిరగడం బీపీ వైపు చూపిస్తుంది. పిక్కలు పట్టేయడానికి చాలాసార్లు కారణం, నీరు మరీ వేగంగా తీయడమో, డ్రై వెయిట్ తక్కువగా పెట్టడమో. అవతలి మాట కూడా నేర్చుకోవాలి. ఒడియా పేషెంటు "ముండ బులాఉఛి" అంటే కొత్తగా చేరిన తెలుగు కుర్రాళ్ళు ఉలిక్కిపడతారు. ఒడియాలో ముండ అంటే తల. ఆయన మిమ్మల్ని తిట్టడం లేదు, తల తిరుగుతోందని చెబుతున్నాడు. వెంటనే బీపీ చూడండి. చార్టులో మాత్రం పేషెంటు అన్న మాటే రాయండి, "వీక్‌నెస్ ప్లస్" అని కుదించకండి.

ఇప్పుడు లెక్క. మామ్మ ఒక్కో సెషన్‌కి 3.2 కిలోలు పెరిగి వచ్చేది. అంటే దాదాపు 3,200 మి.లీ. నీరు. నాలుగు గంటల్లో తీయాలంటే గంటకు 800. దాన్ని 46తో భాగిస్తే కిలోకి గంటకు 17 మి.లీ.కు పైనే. నీరు తీసే ఈ వేగాన్నే యూఎఫ్ రేటు అంటాం. సాధారణంగా 13 దాటవద్దంటారు. 13 చొప్పున నాలుగు గంటల్లో తీయగలిగేది సుమారు 2.4 లీటర్లే. మిగతా 800 మి.లీ. మేం ప్రతి సెషన్‌లోనూ లాగేస్తున్నామన్నమాట. బస్టాండులో మామ్మ ఎందుకు పడుకుందో నాకు ఈ కాగితం మీద అర్థమైంది.

ఆ నీరు ఎక్కడినుంచి వస్తోంది? "నీళ్ళు ఎక్కువ తాగుతున్నావా మామ్మా?" అంటే "నేదు బాబూ, చెంబుడు కూడా తాగట్లేదు" అంది. ముందు నమ్మలేదు. తర్వాత పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఏం నోట్లో వేసుకుందో వరసగా చెప్పమన్నాను. పొద్దున చోడంబలి (రాగి అంబలి), మధ్యాహ్నం గంజన్నం, పక్కింటి ఒడియావాళ్ళిస్తే పఖాళ (నీళ్ళలో నానబెట్టిన అన్నం). ఇవన్నీ ఆమె లెక్కలో అన్నం, మన లెక్కలో నీళ్ళు. నంజుకునేది ఎండుచేప. ఆ ఉప్పుకి దాహం, ఆ దాహానికి ఇంకాస్త గంజి. మామ్మ నాతో అబద్ధమాడలేదు. నా ప్రశ్నే తప్పు. ఈ సందర్భంలోనే కొబ్బరినీళ్ళ గురించి కూడా అడగండి. ఉద్దానం కొబ్బరితోటల ఊళ్ళ నుంచి చూడ్డానికొచ్చే చుట్టాలు ప్రేమగా బొండాం కొట్టిస్తారు. అందులో ఉండే పొటాషియం డయాలిసిస్ పేషెంటు గుండెకు ప్రమాదం.

ఎంత తాగినా, ఏం తిన్నా కేకలు వేయకండి. ఒకసారి తిట్టామంటే మళ్ళీ నిజం చెప్పరు. వెయింగ్ మెషిన్ బరువు చెబుతుంది గానీ అంబలి సంగతి చెప్పదు కదా.

డ్రై వెయిట్, సెషన్ టైము, డయలైజేట్ (మెషిన్‌లో రక్తాన్ని శుభ్రం చేసే ద్రవం) టెంపరేచర్ మన ఇష్టానికి మార్చేవి కావు, డాక్టరు మార్చాలి. ఊరికే "మామ్మకి నీరసంగా ఉంటోంది సార్" అంటే రౌండ్స్‌లో ఎవరూ ఆగరు. "కోలుకోవడానికి 20 గంటలు పడుతోంది, యూఎఫ్ కిలోకి 17 దాటుతోంది, ఎండుచేప, అంబలి తీసుకుంటోంది" అని చెబితే ఆగుతారు. మా డాక్టరు ఆగారు. సెషన్‌ను నాలుగున్నర గంటలు చేశారు. మామ్మ ఎండుచేప మానేసింది, గంజి వార్చిన అన్నం తింది. అంబలి మానడానికి ఒప్పుకోలేదు, చిన్న గ్లాసుకి దిగింది. పెరిగే బరువు 2.5 కిలోలకు వచ్చింది. లెక్క వేస్తే కిలోకి గంటకు 12. కొన్ని వారాల తర్వాత అదే ప్రశ్న అడిగితే "రేత్రి కూర నేనే వొండినాను" అంది. చార్టులో 5 గంటలని రాశాను.

అందరి విషయంలో ఇలా తేలదు. తెల్లవారుజామున ఏమీ తినకుండా బయల్దేరడం, రక్తం తక్కువగా ఉండడం, సెషన్ ముందు వేసుకున్న బీపీ మాత్ర, దిగులు... కారణం వీటిలో ఏదైనా కావచ్చు. అవి కూడా అడిగితేనే బయటపడతాయి.

ఈ వారం పని: ముగ్గురు పేషెంట్లను ఎంచుకోండి. మూడు సెషన్లు వరసగా ఇదే ప్రశ్న అడిగి, ఒక నోటుబుక్కులో మూడు గడులు గీసి రాయండి. మొదటి గడిలో వాళ్ళన్న మాట, రెండో గడిలో గంటలు, మూడో గడిలో ఆ ముందు సెషన్‌లో కిలోకి గంటకు ఎంత తీశామన్నది. డ్రై వెయిట్ గురించి వచ్చే పాఠంలో ఈ నోటుబుక్కే కావాలి. మాటకారి పేషెంట్లను ఇద్దరికి మించి తీసుకోవద్దు. మూడోవాళ్ళు ఎప్పుడడిగినా "బాగుంది" అనేవాళ్ళై ఉండాలి.