ఏసీ బాగుచేయించాలా, మార్చేయాలా? ముందు ఏది పోయిందో తేల్చండి

ఏసీ చల్లబడటం లేదని ఎవరింటికి వెళ్లినా, నేను బ్యాగు కింద పెట్టకముందే అదే ప్రశ్న వస్తుంది: "బాగవుతుందా, కొత్తది కొనేయమంటారా?" 18 ఏళ్లుగా ఇదే పనిలో ఉన్నాను. మూత విప్పకుండా దీనికి జవాబు చెప్పే మెకానిక్ మాట నమ్మకండి. పదేళ్లు దాటిన ఏసీ చిన్న పార్టు మారిస్తే హాయిగా నడిచిన సందర్భాలు చాలా చూశాను. నాలుగేళ్ల ఏసీని మార్చేయమని నేనే చెప్పిన సందర్భాలూ ఉన్నాయి. వయసు తర్వాత చూడొచ్చు, ముందు ఏ భాగం పోయిందో తెలియాలి.

మెకానిక్‌ని పిలిచే ముందు మీరు చూసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఫిల్టర్లు తీసి కడిగి ఆరబెట్టండి. అవుట్‌డోర్ యూనిట్ ముందూ వెనకా ఏదైనా అడ్డం ఉంటే తీసేయండి. తర్వాత ఏసీని అతి తక్కువ టెంపరేచర్‌లో పెట్టి పావుగంట నడపండి. మామూలు థర్మామీటర్‌తో ఏసీ గాలి పీల్చుకునే చోట ఒకసారి, చల్లగాలి వదిలే చోట ఒకసారి కొలవండి. రెండింటికీ 8 నుంచి 12 డిగ్రీల సెల్సియస్ తేడా ఉంటే యంత్రం దాదాపు బాగానే ఉన్నట్టు. గది చల్లబడకపోతే లోపం ఎండ పడే గోడలోనో, మూసుకోని కిటికీలోనో, గదికి చాలని ఏసీ సైజులోనో ఉంటుంది. తేడా రెండు మూడు డిగ్రీలే ఉంటే లోపం యంత్రంలోనే ఉంది. లోపలి కాయిల్ (గ్యాస్ తిరిగే సన్నని పైపుల చుట్ట) మీద ఐసు కనిపిస్తే ఆఫ్ చేసి పూర్తిగా కరగనివ్వండి. గోకితే కాయిల్‌కి చిల్లు పడుతుంది.

తక్కువ ఖర్చుతో పోయే రోగం కెపాసిటర్‌ది. గ్యాస్‌ని ఒత్తి పైపుల్లో తిప్పేది కంప్రెసర్, అది లేవడానికి కరెంటు ఊపు ఇచ్చేది ఈ కెపాసిటర్. ఒక ఇంట్లో నాకంటే ముందు వచ్చినతను కంప్రెసర్ పోయిందని, ఏసీ మార్చాల్సిందేనని చెప్పి వెళ్లాడు. నేను వెళ్లేసరికి ఆ ఇంటి పెద్దావిడ కొత్త ఏసీ కోసం డబ్బు సర్దుబాటు చేసే టెన్షన్‌లో ఉంది. ఆన్ చేసి అవుట్‌డోర్ దగ్గర నిలబడ్డాను. ఫ్యాన్ తిరుగుతోంది. కంప్రెసర్ మాత్రం గుర్రుమని మూలిగి, కొన్ని సెకన్లకు టక్కున ఆగిపోతోంది. కరెంటు పూర్తిగా తీసి, కెపాసిటర్‌లో మిగిలిన చార్జి దించి మీటర్ పెట్టాను. దాని మీద రాసి ఉన్నది 45 మైక్రోఫారడ్లు, మీటర్ చూపించింది 28. అది మార్చగానే కంప్రెసర్ లేచింది. ఆవిడ చల్లగాలి కింద అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడిపోయింది. కాబట్టి కంప్రెసర్ పోయిందని ఎవరైనా అంటే, కెపాసిటర్ కొలిచారా అని అడగండి. మీరు మాత్రం ఆ మూత విప్పొద్దు. కరెంటు తీసేసినా కెపాసిటర్ షాక్ కొడుతుంది. కంప్రెసర్ వేగం మార్చుకుంటూ నడిచే ఇన్వర్టర్ ఏసీల్లో దాన్ని ఎలక్ట్రానిక్ బోర్డే నడుపుతుంది కాబట్టి అక్కడ అనుమానం ముందు బోర్డు మీదికి వెళ్లాలి.

ఇక గ్యాస్. జనం ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. ఏసీలో గ్యాస్ పెట్రోలులా ఖర్చయిపోదు. మూసి ఉన్న పైపుల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ప్రతి ఎండాకాలం గ్యాస్ నింపించుకుంటుంటే మీరు రిపేరు చేయించినట్టు కాదు, కారిపోవడానికి ఇంకాస్త గ్యాస్ కొన్నట్టు. వరసగా మూడేళ్లు అలా నింపించిన ఒక ఇంటికి వెళ్లినప్పుడు నేను ముందు తీసింది ఒత్తిడి కొలిచే గేజ్ కాదు, టార్చిలైటు. ఇన్‌డోర్ వెనక పైపులు కలిసే నట్టు దగ్గర దుమ్ము నల్లగా, జిడ్డుగా అంటుకుని ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా కారుతుంది కాబట్టి ఆ జిడ్డే జాడ చెబుతుంది. సబ్బు నురగ రాస్తే ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. పైపు కొస కోసి, కొత్తగా ఫ్లేర్ చేసి (కొసను గరాటులా వెడల్పు చేసి) బిగించాను. మూడేళ్ల బాధకు కారణం ఆ ఒక్క నట్టు.

లీకు పని సరిగ్గా చేశారో లేదో మీరు దగ్గరుండి చూసి చెప్పొచ్చు. అతుకు వేశాక నైట్రోజన్ ఎక్కించి ఒత్తిడి నిలుస్తోందా అని చూడాలి. ఆక్సిజన్ ఎక్కించబోతే వెంటనే ఆపేయండి, లోపలి ఆయిల్‌తో కలిస్తే పేలుతుంది. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలి, తేమ లాగేసి, ఒత్తిడిని 500 మైక్రాన్ల (వాక్యూమ్ కొలత) కిందికి దించాలి. చివరగా ఏసీకి ఉండే వివరాల ప్లేటు మీద రాసిన బరువు ప్రకారం, కాటా మీద తూచి గ్యాస్ నింపాలి. అందాజుగా నింపితే ఒప్పుకోకండి.

లీకు నట్టు దగ్గరో అతుకు దగ్గరో ఉంటే బాగుచేయించండి. కాయిల్‌కే తుప్పు పట్టి సన్నని చిల్లులు పడుతుంటే ఒకటి పూడ్చినా ఇంకోటి తెరుచుకుంటుంది. వారంటీలో కాయిల్ వస్తే సరే. లేకపోతే మార్చేయడమే మేలని చెబుతాను, నాలుగేళ్ల ఏసీ అయినా సరే.

అది ఆర్-22 అనే పాతరకం గ్యాస్ యంత్రమైతే నేను ఇంకా గట్టిగా చెబుతాను. ఓజోన్ పొరను కాపాడటానికి 1987లో కుదిరిన మాంట్రియల్ ఒప్పందం కింద ఈ గ్యాస్‌ని తప్పిస్తున్నారు. అభివృద్ధి చెందిన దేశాలు 2020కల్లా దాదాపు ఆపేశాయి, వర్ధమాన దేశాలకు 2030 గడువు. అలాంటి గ్యాస్ మీద నడిచే ఏసీకి పెద్ద ఖర్చు పెట్టడం నాకు ఇష్టం ఉండదు. అందులో కొత్త ఏసీల్లో వాడే ఆర్-32 గ్యాస్ నింపేస్తానని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. దాని ఒత్తిడి ఆర్-22 కంటే సుమారు 60 శాతం ఎక్కువ, పైగా కొద్దిగా మండే గుణం ఉంది. పాత యంత్రం దానికి తగ్గట్టు కట్టింది కాదు.

కంప్రెసర్ నిజంగా పోతే, ఆన్ చేయగానే బ్రేకర్ పడిపోవడం ఒక గుర్తు. లోపలి తీగ చుట్ట (వైండింగ్) బాడీకి తగిలిందేమో మీటర్‌తో తేలుతుంది. వారంటీ కాగితం వెతకండి. చాలా ఏసీల్లో మిగతా భాగాల కంటే కంప్రెసర్‌కి వారంటీ ఎక్కువ ఏళ్లుంటుంది, కానీ గ్యాస్, కూలీ అందులో కలవకపోవచ్చు, అడిగి తెలుసుకోండి. వారంటీ దాటి ఎనిమిదేళ్లు పైబడిన ఏసీకి కొత్త కంప్రెసర్ వేయించమని నేను చెప్పను.

బోర్డు పోతే ముందు దాన్ని రిపేరు చేసేవాళ్లకు చూపించండి. చాలాసార్లు ఒక చిన్న భాగమే కాలి ఉంటుంది.

ఇదంతా తేలాక నా కొలత ఒకటుంది. ఎనిమిదేళ్లు దాటిన ఏసీకి రిపేరు ఖర్చు కొత్తదాని ధరలో సగానికి చేరితే మార్చేయండి. అంతకు తక్కువైతే బాగుచేయించండి. కరెంటు ఆదా లెక్క మాత్రం గంటలను బట్టి చూడాలి. రాత్రంతా నడిచే గదికి ఇన్వర్టర్ ఏసీ కలిసొస్తుంది. రోజుకు గంట నడిచే గదికి ఆ లెక్క చెప్పి కొత్తది కొనిపించడం న్యాయం కాదు.

కొత్తది కొంటే పాత రాగి పైపులే వాడతామంటే, లోపలి పాత ఆయిల్ శుభ్రం చేస్తారా, పైపు మందం కొత్త గ్యాస్ ఒత్తిడికి ఆగుతుందా అని అడగండి. పాత ఏసీ విప్పేటప్పుడు గ్యాస్‌ని గాలిలోకి వదలకుండా సిలిండర్‌లోకి తీయించండి. బాగుచేయిస్తే, అవుట్‌డోర్ మూత లోపలివైపు ఒక స్టిక్కర్ అంటించి తేదీ, నింపిన గ్యాస్ బరువు, ఎక్కడ లీకు దొరికిందో రాయించండి. వచ్చే ఏడాది మూత విప్పేవాడు ముందు అదే చదువుతాడు.