అనార్కిస్టు సమాజం, పెట్టుబడిదారీ సమాజం పక్కపక్కనే ఉండే సైన్స్ ఫిక్షన్ కథ ఎలా రాయాలి?

ఒకవైపు ప్రభుత్వం, యజమాని లేని కాలనీ. ఇంకోవైపు కొనుగోలు, అమ్మకాల మీదే నడిచే కాలనీ. రెండూ ఒకే కథలో. నేను ఇలాంటిది మొదటిసారి రాసినప్పుడు ఇటువైపు అందరూ మంచివాళ్లు, అటువైపు అందరూ దోపిడీదారులు. చదివిన స్నేహితురాలు ఒక్కటే అడిగింది: "మీ మంచివాళ్ల ఊళ్లో చెత్త ఎవరు ఎత్తుతారు?" నా దగ్గర జవాబు లేదు. అక్కడినుంచే కథ మళ్లీ మొదలుపెట్టాను. కింద చెప్పే పద్ధతి అలా కుదిరింది.

1. ముందు మాటల సంగతి తేల్చుకోండి

తెలుగులో అరాచకం అనగానే లూటీలు, దొమ్మీలు గుర్తొస్తాయి. అనార్కిజం అంటే అది కాదు. ఆ మాటకు గ్రీకులో మూలార్థం పాలకుడు లేకపోవడం. పాలకుడు లేకపోయినా ఒప్పందాలు, పనుల పంపకాలు, సమావేశాలు ఉంటాయి. సమావేశాలైతే మరీ ఎక్కువ. రష్యాకు చెందిన అనార్కిస్టు క్రొపోట్కిన్ 1902లో అచ్చయిన 'పరస్పర సహాయం' పుస్తకంలో, జీవులు బతికి బట్టకట్టడంలో పోటీకి ఎంత పాత్ర ఉందో సహకారానికీ అంత పాత్ర ఉందని వాదించాడు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలయ్యాక బార్సిలోనాలో ట్రాములను అనార్కిస్టు సంఘానికి చెందిన కార్మికులే నడిపారు. అరగాన్ ప్రాంతంలో రైతులు పొలాలను ఉమ్మడి చేశారు, కొన్ని ఊళ్లు డబ్బునే తీసేశాయి. ఇవి కొంచెమైనా చదవండి. ఊహించడానికి ముందు, మనుషులు నిజంగా ఏం చేసి చూశారో తెలియాలి.

పెట్టుబడిదారీ విధానంలోనూ రకాలున్నాయి. సంక్షేమ పథకాలతో నడిచేది ఒకటి, కోర్టులు, పోలీసులు కూడా ప్రైవేటే అయినది ఇంకొకటి. కెన్ మెక్లౌడ్ 1998 నవల 'ద కాసినీ డివిజన్' ఈ రెండో రకాన్ని వార్మ్‌హోల్ (అంతరిక్షంలో దూర ప్రాంతాలను కలిపే సొరంగం) అవతల పెట్టి, ఇవతల మన సౌరకుటుంబంలో డబ్బే లేని సమాజాన్ని పెట్టింది. మీరు ఏ రకం రాస్తున్నారో ఒక వాక్యంలో రాసి గోడకు అంటించుకోండి.

2. ఒకటి ఇంకొకదాన్ని ఎందుకు మింగేయలేదో చెప్పండి

చాలా కథలు ఇక్కడే కుప్పకూలతాయి. బలమైనది పక్కనే ఉంటే బలహీనమైనది ఎలా మిగిలింది? ఉర్సులా లె గ్విన్ 1974లో 'ద డిస్పొసెస్డ్'లో దీనికి గట్టి జవాబిచ్చింది. అనార్కిస్టులు అనారెస్ అనే ఎండిన లోకానికి వెళ్లిపోయారు. అక్కడి గనుల ఖనిజాలు వాళ్లు వదిలివచ్చిన సంపన్న గ్రహం ఉర్రాస్‌కు కావాలి. అందుకే వాళ్ల జోలికి ఎవరూ రారు. అంటే, డబ్బు వద్దన్నవాళ్ల స్వేచ్ఛ కూడా ఒక వ్యాపార ఒప్పందం మీదే నిలబడింది. ఆ నవల మొదలయ్యేది ఓడరేవు చుట్టూ ఉన్న గోడతో. ఆ గోడ ఎవరిని లోపల బంధించింది, ఎవరిని బయట ఉంచింది అన్నది ఎటునుంచి చూస్తున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది.

మీ సరిహద్దు దాటే మూడు వస్తువులు రాసుకోండి. వాటిని ఎవరు మోస్తారు, ఆగిపోతే ఎవరు ముందు ఇబ్బంది పడతారు? ఈ రెండూ తేలితే కథకు కావలసిన టెన్షన్ దానంతట అదే వస్తుంది.

3. ఎవరికీ ఇష్టం లేని ఒక పని తీసుకుని రెండుచోట్లా చేయించండి

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. సిద్ధాంతం గురించి పాత్రల చేత ఉపన్యాసాలు చెప్పించకండి. పని చేయించండి. నేను నీళ్ల ఫిల్టర్ తీసుకున్నాను.

అనార్కిస్టు కాలనీలో ఫిల్టర్ పూడుకుపోయింది. బోర్డు మీద ముగ్గురి పేర్లున్నాయి, ఇద్దరే వచ్చారు. మూడో ఆమె ఒంట్లో బాగోలేదని కబురు పంపడం ఇది మూడోసారి. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నం భోజనాల హాల్లో మాత్రం ఆమె పక్క కుర్చీలు రెండూ ఖాళీగా ఉన్నాయి. ఆమె తల దించుకుని త్వరత్వరగా తింటోంది.

రెండో కాలనీలో ఫోన్ చేసిన అరగంటకే మనిషి వచ్చాడు. పనిమంతుడు, చేతిలో ఒడుపుంది. పై అంతస్తుకు నీళ్లు వచ్చేశాయి. కింది అంతస్తు వాళ్లు ఈ నెల బిల్లు కట్టలేదు, కాబట్టి వాళ్ల వాల్వు బిగించాడు. బిగిస్తున్నంతసేపూ తల ఎత్తలేదు. అతని ఇల్లూ ఆ కింది అంతస్తులోనే ఉంది.

రెండుచోట్లా ఫిల్టర్ బాగుపడింది, రెండుచోట్లా ఒకరు నొచ్చుకున్నారు. ఇలాంటి సీను ఒకటి మీకు దొరికేదాకా రెండో అధ్యాయం మొదలుపెట్టకండి.

4. అధికారం ఎక్కడ దాక్కుందో వెతకండి

ప్రభుత్వం పోయినంత మాత్రాన పెత్తనం పోదు. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయంలో, అనుభవం పేరుతో కమిటీలో పాతుకుపోయిన పెద్దమనిషిలో అది ఉంటుంది. అనారెస్‌లో యువ శాస్త్రవేత్త షెవెక్ పుస్తకం అచ్చు కావాలంటే సబూల్ అనే సీనియర్ తన పేరు కూడా వేయించుకుంటాడు. చట్టం లేదు, పోలీసు లేడు, అయినా పని జరిగిపోతుంది. ఎరిక్ ఫ్రాంక్ రస్సెల్ 1951 కథలో గాంధీ పేరు మీదుగా 'గాండ్స్' అని పిలుచుకునే జనం డబ్బుకు బదులు 'ఆబ్'లు వాడతారు. ఆబ్ అంటే బాకీపడ్డ సాయం. తీసుకుంటూ పోయి తీర్చనివాడికి ఇక ఎవరూ ఏమీ ఇవ్వరు. చదువుతుంటే సరదాగా ఉంటుంది, కానీ ఆ శిక్ష ఎంత కఠినమో ఆలోచించండి.

పెట్టుబడిదారీ వైపు దుర్మార్గుడైన కోటీశ్వరుణ్ణి పెట్టకండి. తన పని నిజాయితీగా చేసుకుపోయే మంచి మనిషిని పెట్టండి. ఆ వ్యవస్థ చేసే గాయం అతని చేతుల మీదుగా జరిగితేనే పాఠకుడికి తగులుతుంది.

5. భాషను మార్చండి

అనారెస్ వాళ్ల ప్రావిక్ భాషలో సొంతం అనే భావానికి చోటు బాగా తక్కువ. అక్కడి చిన్నపిల్ల 'నా రుమాలు' అనదు, 'నేను వాడే రుమాలు' అంటుంది. ఈ విషయంలో తెలుగులో రాసేవాళ్లకు ఇంగ్లీషులో లేని సదుపాయం ఉంది: 'మా', 'మన'. ఎదుటివాణ్ణి బయట ఉంచేది మొదటిది, కలుపుకునేది రెండోది. మీ అనార్కిస్టు కాలనీలో 'మా' అనే మాటే వాడుకలోంచి పోయిందనుకోండి. అటువైపు నుంచి వచ్చినవాడు అలవాటుగా "మా ఇల్లు" అంటాడు. పక్కనున్న పిల్ల అడుగుతుంది: "అందులో నేను లేనా?" ఆస్తి గురించి పది పేజీల చర్చ చేయలేని పని ఆ ఒక్క ప్రశ్న చేస్తుంది.

'నువ్వు', 'మీరు' సంగతీ తేల్చుకోవాలి. నేనైతే ఆ కాలనీలో చిన్నాపెద్దా అందరికీ 'నువ్వు' పెట్టాను. కోపం వచ్చినప్పుడే 'మీరు' అంటారు, మనిషిని దూరం పెట్టడానికి. రెండో కాలనీలో ఫిల్టర్ మనిషి పై అంతస్తు వాళ్లను 'మీరు' అంటాడు, తన పొరుగువాళ్లను 'నువ్వు' అంటాడు. గౌరవం కూడా బిల్లుతో పాటే నడుస్తోందని వేరే చెప్పనక్కర్లేదు.

6. సరిహద్దు దాటే మనిషిని, అధ్యాయాల వరసను ఎంచుకోండి

ఇల్లంటే ప్రేమ ఉండి, అక్కడ ఊపిరాడని మనిషి కావాలి. పారిపోయేవాడికి పోలికలు కనిపించవు, వెనక్కి వెళ్లాలనుకునేవాడికి కనిపిస్తాయి. 'ద డిస్పొసెస్డ్'లో 13 అధ్యాయాలు. మొదటిది, చివరిది ప్రయాణాలు, మధ్యవి ఒకటి అనారెస్‌లో, ఒకటి ఉర్రాస్‌లో. అదే వరస మీరూ పాటించాలని లేదు. ఏది ముందు చూపిస్తే అదే పాఠకుడికి కొలబద్ద అవుతుందని మాత్రం మరిచిపోకండి.

7. ఇద్దరి చేత చదివించండి

మార్కెట్‌ను నమ్మే ఒకరికి, నమ్మని ఒకరికి ప్రతి ఇవ్వండి. అభిప్రాయం అడగవద్దు. తాము ఒప్పుకోని వైపు బతికితే బాగుండుననిపించిన పేజీ దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టమనండి. ఇద్దరి ప్రతుల్లోనూ కనీసం ఒక్కో గీత ఉండాలి. ఎవరి ప్రతి ఖాళీగా వస్తే, వాళ్లు ఒప్పుకోని వైపు రాసిన ఫిల్టర్ సీను తీసి మళ్లీ రాయండి.