చిన్న ట్యాక్స్ ఆఫీసులో కంప్యూటర్ భద్రత: ముందు ఏది, తర్వాత ఏది

ఇద్దరు ముగ్గురు పనిచేసే ట్యాక్స్ ఆఫీసు మీద ఎవరి కన్ను పడుతుందిలే అన్న ధీమా చాలాచోట్ల కనిపిస్తుంది. ఏదో ఒక క్లయింటు ఫోల్డర్ తెరిచి చూడండి. గుర్తింపు సంఖ్య, పుట్టిన తేదీ, చిరునామా, జీతం వివరాలు, బ్యాంకు ఖాతా నంబరు, సంతకం పెట్టిన కాపీ, అన్నీ ఒకేచోట ఉంటాయి. ఆ మనిషి పేరుతో అప్పు తీసుకోవాలన్నా, దొంగ రిటర్ను వేసి రిఫండ్ కొట్టేయాలన్నా అంతకు మించి అక్కర్లేదు. అలాంటి ఫోల్డర్లు మీ దగ్గర మూడొందలు ఉన్నాయనుకోండి, బ్యాంకుకు ఉన్న కాపలాలో పదోవంతు కూడా మీకు ఉండదు.

చేతిలో ఒక్క పూటే ఉంటే దాన్ని యాంటీవైరస్ మీద కాదు, మెయిలు మీద పెట్టండి. పన్ను శాఖ పోర్టల్, క్లౌడ్ (ఫైళ్లు ఇంటర్నెట్‌లో దాచుకునే చోటు), అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, వీటిలో దేని పాస్‌వర్డ్ మర్చిపోయినా రీసెట్ లింకు వచ్చేది మెయిలుకే. అది పోతే మిగతావన్నీ వరసగా పోతాయి.

మెయిలు పాస్‌వర్డ్ కనీసం 15 అక్షరాలు ఉండాలి, ఇంకెక్కడా వాడనిది అయ్యుండాలి. తర్వాత రెండంచెల లాగిన్, అంటే పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో రుజువు కూడా అడిగే ఏర్పాటు, ఆన్ చేయండి. ఎస్సెమ్మెస్‌లో వచ్చే కోడ్ ఏమీ లేనిదానికంటే నయమే కానీ, మీ నంబరుకు డూప్లికేట్ సిమ్ తీసుకున్నవాడికి ఆ కోడ్ కూడా వెళ్తుంది. ఫోన్‌లోనే కోడ్ తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ మేలు. అందులో ఆరంకెల కోడ్ ప్రతి 30 సెకన్లకు మారుతుంది. కోడ్ సరిగ్గా కొట్టినా తప్పంటోందంటే ఫోన్ గడియారం చూడండి. ఆ కోడ్ సమయాన్ని బట్టే తయారవుతుంది, గడియారం తేడాగా ఉంటే కలవదు. అన్నిటికంటే గట్టిది యూఎస్‌బీ సెక్యూరిటీ కీ, లాగిన్ అయ్యేటప్పుడు కంప్యూటర్‌కు తగిలించే చిన్న పరికరం. ఎదుట ఉన్నది అసలు సైటో నకిలీదో అదే చూసుకుంటుంది, మన కంటి మీద ఆధారపడదు. రెండు కీలు కొని, ఒకటి బీరువాలో పెట్టండి.

ఒకే మెయిల్ పాస్‌వర్డ్‌ను ఆఫీసంతా పంచుకునే అలవాటు ఉంటే ఈ వారమే మానేయాలి. ఎవరి లాగిన్ వాళ్లకు ఉంటే, మానేసి వెళ్లినవాళ్ల లాగిన్ ఒక్కటి తీసేస్తే సరిపోతుంది.

చాలామంది చూడని చోటు ఇంకొకటి ఉంది. మెయిలులోకి దూరినవాడు వెంటనే గోల చేయడు. 'రిఫండ్', 'బ్యాంకు' లాంటి మాటలున్న మెయిళ్లు తనకు ఫార్వర్డ్ అయ్యి, మీ ఇన్‌బాక్స్‌లో కనబడకుండా పోయేలా ఒక ఫిల్టర్ పెట్టుకుంటాడు. మీరు పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టర్ అలాగే ఉంటుంది. జీమెయిల్‌లో అయితే సెట్టింగ్స్‌లో ఫిల్టర్ల ట్యాబ్, ఫార్వర్డింగ్ ట్యాబ్ రెండూ చూడండి. ఔట్‌లుక్‌లో అయితే రూల్స్, ఫార్వర్డింగ్ చూడండి. మీరు పెట్టనిది ఏదైనా కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసుకుని తొలగించండి, అన్ని పరికరాల నుంచి సైనౌట్ చేయండి, ఆ తర్వాత పాస్‌వర్డ్ మార్చండి. నెలకోసారి ఇది చూసుకోవడానికి ఐదు నిమిషాలు చాలు.

గడువు దగ్గరపడ్డ రోజుల్లో వచ్చే మెయిలు ఎలా ఉంటుందో చూడండి. "నమస్తే సార్, మా పాత ఆడిటర్ గారు ఊళ్లో లేరు. ఈ ఏడాది రిటర్ను మీరు వేయగలరా? ఫీజు ఎంతవుతుంది?" ఇందులో లింకు లేదు, అటాచ్‌మెంట్ లేదు. మీరు మర్యాదగా జవాబిస్తారు. రెండో మెయిలులో "పేపర్లు పంపుతున్నా" అంటూ ఒక జిప్ ఫైలు వస్తుంది, దాని పాస్‌వర్డ్ కూడా అదే మెయిలులో ఉంటుంది. తాళం వేసి తాళంచెవి పక్కనే పెట్టడం ఎందుకంటే, పాస్‌వర్డ్ ఉన్న జిప్ లోపల ఏముందో చూడటం చాలా మెయిల్ స్కానర్లకు సాధ్యం కాదు. లోపల పీడీఎఫ్ బొమ్మతో 'బ్యాంక్ స్టేట్‌మెంట్.పీడీఎఫ్' అని ఒక ఫైలు కనబడుతుంది. నిజానికి ఆ పేరు చివర ఇంకో చుక్క, దాని తర్వాత 'ఈఎక్స్ఈ' ఉంటాయి, అంటే అది నొక్కగానే నడిచే ప్రోగ్రామ్. ఫైలు ఏ రకమో చెప్పే ఈ చివరి అక్షరాలను ఎక్స్‌టెన్షన్ అంటారు, తెలిసిన ఎక్స్‌టెన్షన్లను విండోస్ మామూలుగా దాచేస్తుంది కాబట్టి అవి మీకు కనబడవు. విండోస్ 11లో ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి వ్యూ, షో, ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ మీద టిక్ పెట్టండి. ప్రతి కంప్యూటర్‌లోనూ చేయాల్సిన పని ఇది. కొత్త క్లయింటు ఎవరైనా సరే, ఫోన్‌లో మాట్లాడాకే వాళ్ల ఫైళ్లు తెరవాలి. రోజువారీ పనికి అడ్మిన్ ఖాతా (కంప్యూటర్‌లో ఏదైనా మార్చగల ఖాతా) కాకుండా మామూలు యూజర్ ఖాతా వాడితే, పొరపాటున నొక్కినా నష్టం కొంత తగ్గుతుంది.

పాత క్లయింటు నుంచి "బ్యాంకు ఖాతా మారింది, రిఫండ్ దీనికి వేయించండి" అని వస్తే, మెయిలులో ఉన్న నంబరుకు కాకుండా మీ పాత ఫైలులో ఉన్న నంబరుకు ఫోన్ చేయండి. ఎవరు, ఎప్పుడు, ఎవరితో మాట్లాడారో ఫైలులో ఒక ముక్క రాయండి. ఎంత తొందరలో ఉన్నా, ఎంత తెలిసిన క్లయింటైనా దీనికి మినహాయింపు వద్దు. తెలిసినవాళ్ల మెయిలే కదా హ్యాక్ అయ్యేది. ఓటీపీ సంగతీ ఇంతే. "ఆఫీసు నుంచి మాట్లాడుతున్నాం" అనగానే ఓటీపీ చెప్పేసే అలవాటు క్లయింట్లకు మనమే చేశాం. ముందే టైము చెప్పుకుని, వాళ్లకు తెలిసిన నంబరు నుంచి మీరే చేయండి. వీలైన చోట కోడ్ వాళ్ల చేతే కొట్టించండి.

క్లయింట్ల పోర్టల్ పాస్‌వర్డ్‌లన్నీ ఒక ఎక్సెల్ షీటులో ఉంటే వాటిని పాస్‌వర్డ్ మేనేజర్‌లోకి, అంటే పాస్‌వర్డ్‌లను తాళం వేసి దాచే యాప్‌లోకి, మార్చండి. అప్పటిదాకా ఒక తేడా గుర్తుంచుకోండి: ఎక్సెల్‌లో 'ప్రొటెక్ట్ షీట్' రహస్యాన్ని కాపాడదు, పొరపాటున మార్చకుండా ఆపుతుంది, అంతే. ఫైలుకు నిజంగా తాళం పడాలంటే ఫైల్, ఇన్ఫో, ప్రొటెక్ట్ వర్క్‌బుక్, ఎన్‌క్రిప్ట్ విత్ పాస్‌వర్డ్ అన్న దారిలో వెళ్లాలి.

రిటర్ను కాపీ పీడీఎఫ్‌కు పుట్టిన తేదీని పాస్‌వర్డ్‌గా పెట్టడం మామూలైపోయింది. వందేళ్ల తేదీలన్నీ కలిపినా 36,525 మించవు. ఒక్కొక్కటీ వేసి చూడటం కంప్యూటర్‌కు ఎంతోసేపటి పని కాదు. వేరే పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని ఫోన్‌లో చెప్పండి. ఖాతా నంబరు మీద నల్లపెట్టె గీసి పంపడం కూడా అంతే. కింద అక్షరాలు అలాగే ఉంటాయి, సెలెక్ట్ చేసి కాపీ కొడితే బయటికొస్తాయి. పీడీఎఫ్ ఎడిటర్‌లో అక్షరాలనే పూర్తిగా తీసేసే రిడాక్ట్ టూల్ వాడండి, లేదా ప్రింటు తీసి స్కాన్ చేసి పంపండి.

ల్యాప్‌టాప్ పోతే లాగిన్ పాస్‌వర్డ్ అడ్డు కాదు. డిస్కు పీకి వేరే కంప్యూటర్‌కు తగిలిస్తే అన్నీ కనబడతాయి. ఎన్‌క్రిప్షన్, అంటే కీ లేనిదే చదవలేని రూపంలోకి డిస్కును మార్చే ఏర్పాటు, ఆన్ చేయాలి: విండోస్ ప్రో అయితే బిట్‌లాకర్, హోమ్ అయితే డివైస్ ఎన్‌క్రిప్షన్, మ్యాక్ అయితే ఫైల్‌వాల్ట్. బిట్‌లాకర్ రికవరీ కీ 48 అంకెలు ఉంటుంది. బయోస్ (కంప్యూటర్‌ను మొదట లేపే ప్రోగ్రామ్) అప్‌డేట్ అయ్యాక ఉన్నట్టుండి అది అడగొచ్చు, అప్పుడు కీ లేకపోతే మీ ఫైళ్లు మీకే అందవు. ప్రింటు తీసి ల్యాప్‌టాప్ సంచీలో కాకుండా వేరే చోట దాచండి. విండోస్ 10కు మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. అదనపు భద్రతా అప్‌డేట్లు తీసుకోని మెషీన్ల మీద క్లయింటు పని చేయకండి.

బ్యాకప్‌కు పాత లెక్కే చాలు: మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి ఆఫీసు బయట. తప్పు జరిగేది మూడు చోట్ల. ఎక్స్‌టర్నల్ డిస్కు ఎప్పుడూ తగిలించే ఉంటుంది, రాన్సమ్‌వేర్ (ఫైళ్లు లాక్ చేసి డబ్బు అడిగే వైరస్) వచ్చినప్పుడు దాన్నీ లాక్ చేస్తుంది. రెండు డిస్కులు పెట్టుకుని వారం వారం మార్చండి, ఒకటి ఎప్పుడూ ఊడదీసే ఉండాలి, రెండూ ఎన్‌క్రిప్ట్ చేసి ఉండాలి. రెండోది, క్లౌడ్ సింకును (కంప్యూటర్‌లో మారినట్టే క్లౌడ్‌లోనూ మార్చే ఏర్పాటును) బ్యాకప్ అనుకోవడం. ఇక్కడ చెరిగితే అక్కడా చెరుగుతుంది, పాత వెర్షన్లు కొన్నాళ్లే ఉంటాయి. మూడోది, అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఉండగానే దాని డేటా ఫోల్డర్ కాపీ చేయడం. కాపీ అయినట్టే కనబడుతుంది, తిరిగి పెట్టినప్పుడు తెరుచుకోదు. అందుకే నెలకోసారి ఒక క్లయింటు ఫోల్డర్‌ను బ్యాకప్ నుంచి వేరే కంప్యూటర్‌లోకి తెచ్చి, నిరుటి రిటర్ను తెరిచి చూడండి.

పాత మెషీన్ అమ్మేముందు ఫైళ్లు డిలీట్ చేస్తే పోవు. మొదటినుంచీ ఎన్‌క్రిప్షన్ ఉంటే రీసెట్‌లో 'రిమూవ్ ఎవ్రీథింగ్', 'క్లీన్ డేటా' ఎంచుకుంటే చాలు. అద్దె కాపీయర్‌లోనూ చాలాసార్లు హార్డ్ డిస్కు ఉంటుంది, తిరిగిచ్చేముందు దాన్ని తుడిపించాలి.

ఏదైనా జరిగిందని అనుమానం వస్తే ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ కేబుల్ పీకండి, వైఫై ఆపండి. పవర్ మాత్రం తీయకండి, మెమరీలో ఉన్న ఆనవాళ్లు పోతాయి. మెయిలు పాస్‌వర్డ్ వేరే పరికరం నుంచి మార్చండి. తర్వాత ఫోన్ చేయాల్సింది సిస్టమ్ చూసే మనిషికి, బ్యాంకుకు, పన్ను శాఖకు, ఆపైన క్లయింట్లకు. ఆ నంబర్లన్నీ కాగితం మీద ప్రింటు తీసి గోడకు అంటించండి. లిస్టు లాక్ అయిన కంప్యూటర్‌లోనే ఉంటే ఆ రోజు అది తెరుచుకోదు.